గుర్రం లేని రౌతు: నైట్ల కథల మీద ఇన్ని జోకులు ఎందుకు?

అంతా పొగమంచు. టక టక టక అని గుర్రపు డెక్కల చప్పుడు దగ్గరికొస్తూ ఉంటుంది. మనం గుర్రం కోసం చూస్తూ ఉంటే కొండ అంచు మీద ముందు ఒక కిరీటం కనిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు, కింద గుర్రం మాత్రం ఉండదు. కళ్ళెం పట్టుకున్నట్టు చెయ్యి ముందుకి పెట్టి చిన్నపిల్లాడిలా గెంతుకుంటూ వస్తుంటాడు, వెనకాల ఒక నౌకరు వీపు మీద బండెడు సామాను మోస్తూ రెండు కొబ్బరి చిప్పలు కొడుతూ ఉంటాడు. ఆ గెంతే ఆయనే పాత కథల్లోని ఇంగ్లండ్ మహారాజు ఆర్థర్. 1975లో వచ్చిన 'మాంటీ పైథాన్ అండ్ ద హోలీ గ్రెయిల్' సినిమా ఇలా మొదలవుతుంది. కోట గోడ మీదున్న కాపలావాడు రాజుగారి బిరుదులన్నీ విని, అది సరే గానీ ఆ కొబ్బరికాయ ఎక్కడిది, ఈ చలి దేశంలో కొబ్బరి కాయదు కదా అని పట్టుకుంటాడు. పిట్ట మోసుకొచ్చి ఉండొచ్చు అంటే ఆ పిట్ట బరువెంత, కాయ బరువెంత అని లెక్కలు మొదలు. రాజు వచ్చిన పని గాలికి పోతుంది.

నిజం గుర్రాలకి డబ్బుల్లేవు మాంటీ పైథాన్ అనే ఆ కామెడీ బృందం దగ్గర. పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెప్లిన్ లాంటి రాక్ బ్యాండ్ల వాళ్ళు తలా కొంచెం వేస్తే తీసిన సినిమా అది, అందుకని రేడియో నాటకాల్లో డెక్కల చప్పుడు కోసం వాడే కొబ్బరి చిప్పల్నే తెర మీదికి తెచ్చేశారు. మనకి కొబ్బరి చిప్ప అంటే పచ్చడికి కోరేశాక పారేసేది కాబట్టి ఆ జోకులో సగం మనకి తగలదు, ఇంగ్లీషువాడికి కొబ్బరికాయే పెద్ద వింత. మిగతా సగం మాత్రం చాలా లోతుగా ఉంది, అది నైట్ల మీద, అంటే ఆర్థర్ లాంటి రాజుల కొలువులో ఉండే మధ్యయుగపు యూరప్ గుర్రపు వీరుల మీద. దాని గురించే ఈ వ్యాసం.

షివల్రీ అంటే ఇప్పుడు మనం ఆడవాళ్ళకి తలుపు తీసి పట్టుకోవడం, కుర్చీ జరపడం అనుకుంటాం. ఆ మాట పుట్టింది గుర్రం దగ్గర. ఫ్రెంచిలో షెవాల్ అంటే గుర్రం, షెవాలియే అంటే గుర్రం ఎక్కి యుద్ధం చేసేవాడు, అంటే మన రౌతు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరిగెడుతుంది అంటామే, ఆ రౌతే. యుద్ధానికి పనికొచ్చే గుర్రం, ఇనప కవచం, వాటిని చూసుకోడానికి పనివాళ్ళు, వీళ్ళందరికీ తిండి, ఇదంతా భరించగలిగినవాడే నైటు. అందులోంచి గుర్రం తీసేస్తే మిగిలేది గెంతే మనిషి, రెండు చిప్పలు, బోలెడన్ని బిరుదులు. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పిన వ్యవహారమే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. పాతకాలం వాళ్ళు అమాయకులు, ఆ నైట్ల కథలన్నీ నిజమని నమ్మి సీరియస్‌గా చదువుకున్నారు, మనం మోడరన్ వాళ్ళం కాబట్టి తెలివిగా ఎగతాళి చేస్తున్నాం అని. నేనూ చాన్నాళ్ళు ఇలాగే అనుకున్నా. పాత కథల్లోకి వెళ్ళి చూస్తే అక్కడ మనకంటే ముందే ఎవడో కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు.

క్రెతియాఁ ద త్రువా అని 12వ శతాబ్దపు ఫ్రెంచి కవి, లాన్సెలాట్ అనే నైటుని ఆర్థర్ భార్య గ్వినివీర్‌కి ప్రియుడిగా పెట్టి మనకి తెలిసిన మొదటి కథ రాసినవాడు. ఆ కథలో రాణిని ఎవడో ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వెళ్ళిన లాన్సెలాట్ గుర్రం చచ్చిపోతుంది, నడుచుకుంటూ పోతుంటే ఒక మరుగుజ్జు బండి తోలుకుంటూ ఎదురవుతాడు. ఎక్కు, రాణి ఎక్కడుందో చెప్తా అంటాడు. చిక్కేమిటంటే ఆ రోజుల్లో అలాంటి బండి ఎక్కించేది దొంగల్ని, హంతకుల్ని ఊరంతా తిప్పడానికి, మన దగ్గర గాడిద మీద ఊరేగించినట్టు. పరువా ప్రేమా అని లాన్సెలాట్ సరిగ్గా రెండు అడుగులు వేసేంతసేపు ఆలోచించి ఎక్కేస్తాడు. ఆ తర్వాత ఊళ్ళో జనం ఛీ కొడతారు, కత్తి అంచునే వంతెనగా వేసిన చోట చేతులు కాళ్ళు కోసుకుంటూ పాక్కుంటూ దాటతాడు, రాణి కోసం యుద్ధం చేస్తాడు, తీరా ఎదురుగా నిలబడితే ఆవిడ మొహం తిప్పుకుంటుంది. ఎందుకో పాపం వాడికి అర్థం కాదు, చాలా తర్వాత తెలుస్తుంది, బండి ఎక్కేముందు రెండడుగులు ఆలోచించావు కదా, అందుకు అని. ఇంకోసారి నైట్లు గుర్రాల మీద ఈటెలతో ఆడే పోటీలో ఆవిడే కబురు పంపుతుంది, నువ్వు చెత్తగా ఆడు అని. అంత వీరుడూ పిరికివాడిలా ఆడి అందరి చేతా నవ్వించుకుంటాడు, మళ్ళీ కబురొచ్చేదాకా అంతే. దీన్ని మహా ప్రేమ అని చదివినవాళ్ళు ఉన్నారు, కవి వెనకనుంచి కన్ను కొడుతున్నాడు అని చదివినవాళ్ళూ ఉన్నారు, పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. కవి మాత్రం ఈ కథావస్తువు నాకు షాంపేన్ ప్రాంతపు ప్రభ్వి మారీ అనే ఆవిడ ఇచ్చింది అని మొదట్లోనే చెప్పేసి, చివరిదాకా రాయకుండా మధ్యలో ఇంకొకడికి అప్పగించి వెళ్ళిపోయాడు. నాకైతే అది తప్పించుకోవడంలాగే కనిపిస్తుంది.

తర్వాత థామస్ మాలరీ. ఇంగ్లీషులో ఆర్థర్ కథ మొత్తాన్ని ఒక్కచోట చేర్చిన మనిషి, 1469, 70 ప్రాంతంలో జైల్లో కూర్చుని ముగించాడు, 1485లో కాక్స్‌టన్ అచ్చు వేశాడు. నైట్ల ధర్మం గురించి అంత పుస్తకం రాసినవాడు ఎవరయ్యా అంటే, ఎక్కువమంది పండితులు ఆయనే అనుకునే వార్విక్‌షైర్ మాలరీ మీద దోపిడీ, పశువుల దొంగతనం, మఠం మీద దాడి, బలాత్కారం, ఇన్ని కేసులున్నాయి. ఇది జోకో విషాదమో నాకు తెలీదు. ఆ పుస్తకంలో డినడాన్ అనే నైటు ఒకడున్నాడు, అసలు ఈ ప్రేమలెందుకు, కనిపించిన ప్రతివాడితో ఈ కొట్లాటలెందుకు అని అడిగే ఏకైక బుద్ధిమంతుడు, వాడి నోటికి అందరూ భయపడతారు. ఒకసారి పోటీలో లాన్సెలాట్ కవచం మీద ఆడపిల్ల బట్టలు వేసుకొచ్చి వాడిని గుర్రం మీంచి పడగొడతాడు, తర్వాత అందరూ కలిసి డినడాన్‌కే ఆడబట్టలు తొడిగి రాణి ముందుకి తీసుకొస్తే ఆవిడ నవ్వలేక కింద పడిపోతుంది. ఇంకోచోట అడవిలో పడుకున్న లాన్సెలాట్‌కి జింకని వేటాడుతున్న ఒకావిడ బాణం గురితప్పి వచ్చి పిరుదులో దిగుతుంది. జీను మీద కూర్చోలేడు, పోటీ దగ్గర పడింది, ప్రపంచంలోకెల్లా గొప్ప రౌతుకి అంతకంటే అవమానం ఏముంది!

చేతిరాత పుస్తకాల మార్జిన్లు చూస్తే ఇంకా విచిత్రం. 13, 14 శతాబ్దాల భక్తి పుస్తకాల్లో, న్యాయశాస్త్రం పుస్తకాల్లో పక్కన ఖాళీల్లో బొమ్మలేశారు, నిండా కవచం తొడుక్కున్న నైటు కత్తి దూసి నత్తతో యుద్ధం చేస్తుంటాడు, కొన్నిట్లో కత్తి పడేసి నత్త ముందు మోకాళ్ళ మీద కూలబడతాడు. స్మిత్‌ఫీల్డ్ డిక్రెటల్స్ అనే పుస్తకంలో కుందేళ్ళు వేటగాడిని పట్టుకుని విచారణ చేసి తల నరుకుతాయి. పైథాన్ సినిమాలో తెల్ల కుందేలు నైట్ల పీకలు కొరికి చంపేస్తే భలే కొత్త ఐడియా అనుకుంటాం కదా, దానికి ఆరు వందల ఏళ్ళ ముందే తాతలున్నారు.

మనకీ ఇది కొత్త కాదులెండి. అదే 13వ శతాబ్దంలో తిక్కన గారు విరాటపర్వంలో ఉత్తరకుమారుణ్ణి అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కూర్చోబెట్టి సారథి ఉంటే చాలు కౌరవుల సంగతి చూస్తా అనిపించి, తీరా సైన్యం కనపడగానే రథం దిగి పరుగెత్తించాడు, వెనకాల జడ ఊపుకుంటూ బృహన్నల. ఉత్తర ఏమో బొమ్మల పొత్తికలకి కౌరవుల బట్టలు తెమ్మని ఆర్డర్ వేసింది. దాన్ని చూసి నవ్వినవాళ్ళెవరూ భారతాన్ని తక్కువ చేశామనుకోలేదు.

సరే, ఇంత నవ్వు ముందే ఉంటే మరి మోడరన్ కామెడీ వాళ్ళు కొత్తగా చేసిందేంటి? లెక్క అడగడం. ఆ లెక్క మొదట గట్టిగా అడిగింది స్పెయిన్ రచయిత సెర్వాంటెస్, 1605లో, డాన్ కిహోటేతో. పుస్తకాలు చదివి చదివి మతి పోయిన ముసలాయన తాతల నాటి తుప్పు కవచం తీసి తోముకుంటాడు. శిరస్త్రాణానికి ముందు భాగం లేదని అట్టముక్కతో చేసి అతికిస్తాడు. గట్టిగా ఉందో లేదో చూద్దామని కత్తితో ఒక్క దెబ్బ వేస్తే వారం రోజుల పని ముక్కలైపోతుంది. మళ్ళీ చేస్తాడు, ఈసారి లోపల ఇనప పట్టీలు పెడతాడు, ఇంక పరీక్ష మాత్రం చెయ్యడు, బాగానే ఉంది అని తనే సర్టిఫికెట్ ఇచ్చుకుంటాడు. మనలో ఎంతమందిమి ఇలా సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేశామో దేవుడికే తెలియాలి. తర్వాత దారిలో ఒక సత్రానికి వెళ్ళి, అదే కోట అనుకుని, సత్రం ఓనర్ని నన్ను నైటుగా చెయ్యమంటాడు. వాడు అడుగుతాడు, డబ్బులేమైనా తెచ్చుకున్నావా అని. నేను చదివిన ఏ కథలోనూ నైటు డబ్బు పట్టుకెళ్ళినట్టు లేదే అంటాడు ఈయన. అప్పుడు ఆ ఓనర్, డబ్బు, ఉతికిన చొక్కాలు అందరూ పట్టుకెళ్ళేవాళ్ళయ్యా, అంత మామూలు విషయం మళ్ళీ రాయడమెందుకని వాళ్ళు రాయలేదు, అంతే అంటాడు. నైట్ల మీద తర్వాత వచ్చిన జోకుల్లో చాలా భాగానికి ఈ ఉతికిన చొక్కాలే తల్లివేరు అని నా అభిప్రాయం.

అయితే ఇప్పుడు మన బుర్రల్లో ఉన్న నైటు, మెరిసే కవచం, తెల్ల గుర్రం, మచ్చలేని శీలం, ఆడవాళ్ళని చూస్తే తల దించే మర్యాద, వీడు అసలు మధ్యయుగం వాడే కాదు. వీడిని 19వ శతాబ్దంలో కడిగి పాలిష్ పెట్టారు. 1819 చివర్లో వాల్టర్ స్కాట్ నవల ఐవన్‌హో వచ్చింది, తర్వాత విక్టోరియా రాణి ఆస్థానకవి టెనిసన్ ఆర్థర్ని ఒక నిష్కళంక జెంటిల్మన్‌గా మార్చి పద్యాలు రాశాడు. ఫ్యాక్టరీలు, రైళ్ళు, బొగ్గు పొగ వస్తున్న కాలంలో పెద్దింటివాళ్ళకి తమ తాతలు ఇలా ఉండేవాళ్ళు అని నమ్మడం హాయిగా ఉండేది. ఎంత నమ్మారంటే 1839 ఆగస్టులో స్కాట్లండ్‌లో ఎగ్లింటన్ ప్రభువు నిజంగానే టోర్నమెంట్ పెట్టాడు. కవచాలు, గుర్రాలు, అందాల రాణి, ఊరేగింపు, రిహార్సల్స్ అన్నీ అయ్యాయి, చూడ్డానికి లక్షమంది దాకా వచ్చారని చెప్తారు. ఊరేగింపు మొదలవగానే వాన. అలాంటిలాంటి వాన కాదు, స్కాట్లండ్ వాన. గ్యాలరీ పైకప్పులు కారిపోయి, మైదానం బురదయి, వేషాలన్నీ తడిసి ముద్దయిపోతే ఉత్సవ రాజు వేషంలో ఉన్న పెద్దమనిషి ఆ వేషంతోనే గొడుగు తీసి పట్టుకున్నాడు. ఇక కార్టూన్లు వేసేవాళ్ళకి పండగే పండగ. కామెడీ రచయిత ఎవడూ అవసరం లేకుండానే పని జరిగిపోయింది.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ కోపం అంతా ఈ పాలిష్ నైటు మీదే. స్కాట్ నవలలు చదివి అమెరికా దక్షిణాది పెద్దమనుషులకి పరువు, హోదా పిచ్చి పట్టిందని, అంతర్యుద్ధానికి అసలు కారకుడు స్కాటేనని 1883లో ఒక పుస్తకంలో అనేశాడు, అతిశయోక్తే అనుకోండి. తర్వాత ఒక ప్రయాణంలో మాలరీని చదువుతూ నోట్‌బుక్‌లో ఒక ఊహ రాసుకున్నాడు: నేనే కవచం తొడుక్కున్న నైటుని, జేబుల్లేవు, గోక్కోడానికి లేదు, జలుబు చేస్తే ముక్కు చీదడానికి లేదు, ఎండకి కాలిపోతుంది, వానకి కారుతుంది. 1889లో వచ్చిన 'ఎ కనెక్టికట్ యాంకీ ఇన్ కింగ్ ఆర్థర్స్ కోర్ట్' మొత్తం ఆ దురదలోంచి పుట్టింది. హ్యాంక్ మోర్గన్ అని తుపాకుల ఫ్యాక్టరీ ఫోర్‌మన్, గొడవలో తల మీద గునపం దెబ్బ తగిలి లేచేసరికి 528వ సంవత్సరంలో ఆర్థర్ రాజ్యంలో ఉంటాడు. సూర్యగ్రహణం తేదీ గుర్తుండటంతో మంత్రగాడినని నమ్మించి ప్రాణం కాపాడుకుని రాజ్యానికి బాస్ అయిపోతాడు. వాడినీ కవచం తొడిగించి సాహసయాత్రకి పంపిస్తారు. చేతిరుమాలు ఇనప టోపీలో ఇరుక్కుని ఉంటుంది, టోపీ తనంతట తను తియ్యలేడు, చెమట కళ్ళలోకి కారుతుంటుంది, ఒక ఈగ టోపీ కమ్మీల్లోంచి లోపలికి దూరుతుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఫుల్ హెల్మెట్‌లో ముక్కు దురద పెట్టినవాళ్ళకి ఆ అధ్యాయం వివరించక్కర్లేదు. ఆ తర్వాత ఆయన లోపలే పైపు వెలిగిస్తే కమ్మీల్లోంచి పొగ బయటికొచ్చి ఎదురొచ్చిన నైట్లు డ్రాగన్ అనుకుని లొంగిపోతారు.

హ్యాంక్ వీళ్ళని ఊరికే ఉంచడు, ఛాతీకి వీపుకి బోర్డులు కట్టి సబ్బు యాడ్లకి తిప్పుతాడు. ఆయన్ని ఉరి తీయబోతుంటే లాన్సెలాట్ ఐదు వందల మంది నైట్లతో సైకిళ్ళ మీద వచ్చి కాపాడతాడు. ఆర్థర్ నైట్లంతా కూర్చునే రౌండ్ టేబుల్ స్టాక్ ఎక్స్ఛేంజీ అయిపోతుంది, చివర్లో రాజ్యం కూలిపోయే గొడవ కూడా లాన్సెలాట్ రైల్వే షేర్లలో చేసిన గిమ్మిక్కుతోనే రాజుకుంటుంది. దెబ్బ ఎవరి మీదో గట్టిగా తెలియాలంటే బొమ్మలు చూడాలి: చిత్రకారుడు డాన్ బియర్డ్ ఆర్థర్ కొలువులో మంత్రగాడైన మెర్లిన్ ముసలోడికి టెనిసన్ మొహం పెట్టాడు, బానిసల వ్యాపారికి అమెరికా రైల్వే కోటీశ్వరుడు జే గౌల్డ్ మొహం పెట్టాడు. ఆరో శతాబ్దం వేషంలో ఉన్నది 19వ శతాబ్దమే. ఇంకో సంగతి, ఇంత నవ్వించి ట్వేన్ చివర్లో గుండెలో రాయి వేస్తాడు. లెక్కలు అడిగిన హ్యాంక్ కరెంటు కంచె, గాట్లింగ్ తుపాకులు పెట్టి ఇరవై ఐదు వేల మందిని చంపి, గెలిచి, ఆ శవాల మధ్యే చిక్కుకుపోతాడు. చుట్టూ గాలి చెడిపోయి వాడి మనుషులే జబ్బు పడతారు. ఎగతాళి చేసినవాడి తెలివి ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా చూపించిన కామెడీ నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఇంగ్లీషు రచయిత టి. హెచ్. వైట్ దారి వేరు. 1938లో వచ్చిన 'ద స్వోర్డ్ ఇన్ ద స్టోన్'లో మెర్లిన్ కాలంలో వెనక్కి బతుకుతుంటాడు, రేపటివి గుర్తుంటాయి, నిన్నటివి తెలియవు. పెల్లినోర్ రాజు ఒక వింత మృగం వెంట ఏళ్ళ తరబడి పడి తిరుగుతుంటాడు, అది వాళ్ళ వంశపు డ్యూటీ, మాలరీలో కూడా ఉన్నదే. కళ్ళద్దాలు టోపీలో మసకబారిపోతుంటాయి, ఆ జంతువు పెంట ఎక్కడ పడిందా అని వెతుక్కోవడమే వాడి బతుకు. చివరికి విసుగొచ్చి ఒక స్నేహితుడి ఇంట్లో పరుపు మీద సుఖంగా సెటిలవుతాడు. కొన్నాళ్ళకి అడవిలో ఆ మృగం కనిపిస్తుంది, తనని ఎవరూ తరమట్లేదని దిగులుతో చిక్కి శల్యమై. పెల్లినోర్ దాని తల ఒళ్ళో పెట్టుకుని బతిమాలి, పాలు పట్టించి, బాగు చేసి, మళ్ళీ తరుముతానని మాటిచ్చి వదిలేస్తాడు. నవ్వొస్తుంది, గొంతూ పట్టేస్తుంది. ట్వేన్ నైటుని లెక్క అడిగి ముద్దాయిని చేశాడు, వైట్ అదే లెక్క అడిగి అయ్యో పాపం అనిపించాడు.

పైథాన్ వాళ్ళలో ట్వేన్, వైట్ ఇద్దరూ కలిసే ఉన్నారు. దర్శకుల్లో ఒకడైన టెర్రీ జోన్స్ మధ్యయుగం మీద నిజంగా పని చేసిన మనిషి, 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన ఆదర్శ నైటు నిజానికి కిరాయి సైనికుడేనని 1980లో ఒక పుస్తకమే రాశాడు. అందుకే వాళ్ళ బురద అంత నమ్మకంగా ఉంటుంది. పొలంలో మట్టి పోగు చేసుకుంటున్న రైతు, నిన్ను రాజుని ఎవరు చేశారు, మేం ఓటెయ్యలేదే అని అడుగుతాడు, సరస్సు దేవత కత్తి ఇచ్చింది అంటే చెరువులో పడుకున్న ఆడవాళ్ళు కత్తులు పంచితే అది ప్రభుత్వమా అని కడిగేస్తాడు. ఇదీ సత్రం ఓనర్ ప్రశ్నే, ఈసారి చొక్కాల బదులు రాజ్యాంగం గురించి. మధ్యలో ఒక చరిత్రకారుడు కెమెరా ముందు నిలబడి కథ వివరిస్తుంటే ఎవడో నైటు వచ్చి ఒక్క వేటుతో చంపి పోతాడు, సినిమా మొత్తం మీద నిజమైన గుర్రం కనిపించేది దాదాపు అక్కడే. చివరికి ఆ హత్య కేసులోనే పోలీసులు బండేసుకొచ్చి ఆర్థర్ని పట్టుకుపోతారు. ఆ సినిమాలో చాలా కోటలుగా కనిపించేది స్కాట్లండ్‌లోని ఒక్క డూన్ కోటే, మిగతా చోట్ల పర్మిషన్ రాలేదు కాబట్టి అదే గోడల్ని అటు తిప్పి ఇటు తిప్పి వాడుకున్నారు. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు కొబ్బరి చిప్పలు కొట్టుకుంటూ గోడల చుట్టూ గెంతుతుంటారు.

ఈ లెక్కలో తేడాగా కనిపించేది 2001లో వచ్చిన 'ఎ నైట్స్ టేల్'. 14వ శతాబ్దపు పోటీలో జనం క్వీన్ బ్యాండ్ పాటకి బల్లలు చరుస్తారు. ఇదేం అన్యాయం అనిపిస్తుంది గానీ ఆలోచిస్తే ఆ జనానికి ఆ పోటీ అంటే నిజంగా మనకి క్రికెట్ మ్యాచ్ లాంటిదే, మెల్లగా వీణ వాయిస్తేనే అబద్ధమయ్యేది. అందులో హీరో పేదింటి కుర్రాడు, పోటీలో దిగడానికి ఉల్రిక్ ఫాన్ లిక్టెన్‌స్టైన్ అని దొంగ పేరు పెట్టుకుంటాడు. ఆ పేరున్న నైటు నిజంగానే ఉన్నాడు, 13వ శతాబ్దం వాడు, తన సాహసాలు తనే పద్యాల్లో రాసుకున్నాడు. 1227లో వీనస్ దేవత వేషం, పొడుగు జడలు పెట్టుకుని వెనిస్ దగ్గర్నుంచి వియన్నా వైపు ఊరూరా పోటీలాడుతూ వెళ్ళానని, తనతో ఈటె విరగ్గొట్టుకున్న ప్రతివాడికీ ఒక ఉంగరం ఇచ్చానని, మూడు వందల ఏడు ఈటెలు విరిచానని, ప్రేయసి నమ్మలేదని వేలు నరికి పంపానని చెప్తాడు. ఎంత నిజమో, ఎంత తనని తనే ఆటపట్టించుకోవడమో. దీనికి స్పూఫ్ ఎవడు తీస్తాడు, ఎలా తీస్తాడు చెప్పండి!

ఈ మొత్తంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే నవ్వు ఇంకొకటుంది, 14వ శతాబ్దం చివర్లో పేరు తెలియని ఇంగ్లీషు కవి రాసిన, ఆర్థర్ కొలువులోని నైటు గవైన్ కథలోది. కొత్త సంవత్సరం విందులోకి ఒక ఆకుపచ్చ మనిషి గుర్రమెక్కి వచ్చి నా తల నరకండి, ఏడాది తర్వాత నేను మీ తల నరుకుతా అంటాడు. గవైన్ నరికేస్తాడు, వాడు తల ఏరుకుని చేత్తో పట్టుకుని వెళ్ళిపోతాడు. ఏడాదికి మాట ప్రకారం బయల్దేరిన గవైన్ దారిలో ఒక ఇంట్లో ఇల్లాలు ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టు తీసుకుంటాడు, అది కట్టుకుంటే చావు రాదు అంటుంది. ఆ ఇంటాయనకి ఏ రోజు దొరికింది ఆ రోజు ఇచ్చెయ్యాలని ఒప్పందం, ఇది మాత్రం దాచేస్తాడు. చివరికి గొడ్డలి మెడ మీద చిన్న గాటు పెట్టి వదిలేస్తుంది, ఆకుపచ్చ మనిషి ఆ ఇంటాయనేనని తెలుస్తుంది. గవైన్ సిగ్గుతో కుమిలిపోతూ తిరిగొచ్చి, ఎర్రబడ్డ మొహంతో, చావుకి భయపడి మాట తప్పాను, ఈ కట్టు బతికున్నంతకాలం కట్టుకుంటా అని అందరి ముందూ ఒప్పుకుంటాడు. రాజు ఓదారుస్తాడు, సభంతా గట్టిగా నవ్వేసి, ఇకనుంచి మేమందరం అలాంటి ఆకుపచ్చ కట్టే కట్టుకుంటాం అంటుంది. గవైన్ కూడా నవ్వాడా లేదా అన్నది కవి చెప్పలేదు.